కోత

పదకొండేళ్ల వయసులో నా తరగతికొచ్చింది హెస్టర్ బ్లెంకిన్.
బూట్లకు బురద, కోటు జేబులో బార్లీ గింజలు.
మొదటి పాఠం పటానికి రంగులేయడం.
అందరూ సముద్రానికి నీలం పూశారు,
తను మట్టిరంగు పూసింది.
"మా దగ్గర ఇదే రంగు, మిస్."
నేను ఎర్రసిరాతో పక్కన 'నీలం' అని రాశాను.
ఆ శనివారం ఒడ్డున కుక్కతో నడుస్తూ చూశాను కదా,
మట్టిరంగే.

యార్క్‌షైర్ తూర్పు కొస, హోల్డర్‌నెస్ తీరం.
ఎప్పటివో హిమానీనదాలు దించేసి పోయిన బంకమట్టి.
పైన వాన తాగి బరువెక్కుతుంది,
కింద అల తోడేస్తుంది,
ఒక రాత్రి పొలం పొలంగానే జారిపోతుంది
గడ్డితో సహా, కంచె గుంజతో సహా.
పాఠ్యపుస్తకంలో దీనికి ఒకటిన్నర పేజీ.
ఎక్కడో లండన్‌లో పిల్లలు బట్టీపట్టి
నాలుగు మార్కులు తెచ్చుకుంటారు.
మావాళ్లు స్కూలు బస్సు కిటికీలోంచి చూసి
ఆవలిస్తారు.

పదహారేళ్ల పరీక్షలయ్యాక
ముప్పైమందిలో ఐదుగురు మిగిలారు భూగోళానికి.
హీటరు చెడిన గదిలో కోట్లు విప్పకుండా కూర్చునేవాళ్లం.
కోరీకి అగ్నిపర్వతాలంటేనే ఇష్టం,
ఇక్కడ ఒక్కటైనా లేదని నా మీద కోపం.
సిక్స్త్ ఫామ్‌లో ఎవరి సర్వే వాళ్లదే.
హెస్టర్ వాళ్ల అంచునే ఎంచుకుంది:
పన్నెండు గుంజలు, ఒక టేపు,
తడిసి ఉబ్బిపోయిన నోటుపుస్తకం,
చలికాలమంతా.

ఈస్టర్ ముందు దిద్దడానికి కూర్చున్నాను.
ఐదు. ఆరు. ఎనిమిది.
ఏడో గుంజేదీ?
పటం మీద వేలు జరుపుకుంటూ పోతే
ఏడు దగ్గర వాళ్ల ధాన్యపు కొట్టు.

అడిగితే కిటికీ వైపు తిరిగింది.
"అంకె కాగితం మీద పడితే బ్యాంకువాళ్లు చదువుతారు.
బీమావాళ్లు చదువుతారు.
వాళ్లందరికంటే ముందు నాన్న చదువుతాడు."

ఉన్న అంకెను దాచకూడదని నేర్పింది నేనే.
దాన్ని ఇంటికెలా మోసుకెళ్లాలో
ఏ సిలబస్‌లోనూ లేదు.
"ఆలోచించుకో" అన్నాను, పిరికిదానిలా.

సోమవారం ఒక ఫోటో తెచ్చి బల్ల మీద పెట్టింది.
కొట్టు తలుపు, లోపలివైపు.
సుద్దముక్క రాతలు, పెన్సిల్ రాతలు, కొన్ని చాకుతో గీసినవి.
గార్త్ బ్లెంకిన్ కోతలు కోసే మనిషి కాదు,
సంతలో కూడా మూడు మాటలకు మించి మాట్లాడడు.
ఏటా ఆగస్టులో బార్లీ కోత ముగిసిన సాయంత్రం
ఆ తలుపు నుంచి అంచుదాకా అంగలు లెక్కపెడుతూ నడిచి
తిరిగొచ్చి రాసేవాడట.
ఎడమవైపు టన్నులు, కుడివైపు అంగలు.
రెండు కోతలూ ఒకే తలుపు మీద.
హెస్టర్ పుట్టిన ఏడు తొంభై నాలుగు.
పోయిన ఆగస్టు ముప్పై ఒకటి.

"నాన్నకి తెలుసు మిస్.
నాకు తెలియకూడదనుకున్నాడు."

ఆ ఆదివారం తండ్రిని పెరట్లో నడిపించి టేపుతో కొలిచిందట.
సగటు అంగ ఎనభై రెండు సెంటీమీటర్లు.
ఎడమకాలిది కొంచెం పొట్టి, ట్రాక్టరు మీంచి పడ్డప్పటినుంచీ.
ఆయన నవ్వాపుకోలేక రెండుసార్లు లెక్క తప్పాడట.
అదీ రాసింది.

చివరి పేజీలో 'పరిమితులు' అన్న శీర్షిక కింద
మామూలుగా పిల్లలు వాన పడిందనో
టేపు సాగిందనో రాస్తారు.
తను రాసింది:
"కొలిచిన వ్యక్తి అంగలు
వయసుతో చిన్నవవుతున్నాయి.
కాబట్టి అంచు
తలుపు చెబుతున్నదానికన్నా దగ్గర."

ఏడో గుంజకి మార్కు వేయడానికి
ఎర్రపెన్ను మూత తీసి,
హీటరు లేని ఆ గదిలో
సిరా ఆరిపోయేదాకా పట్టుకుని కూర్చున్నాను.